ఆక్టున్ తునిచిల్ ముక్నల్‌కు బయల్దేరే ముందు

అమ్మలూ,

వచ్చే శనివారం మీ వాలంటీర్లంతా కలిసి మధ్య అమెరికాలోని ఆ బెలీజు దేశంలో ఉన్న ఆక్టున్ తునిచిల్ ముక్నల్ గుహకు వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అక్కడి శాన్ ఇగ్నాసియో ఊళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పిన రోజుల్లో నేనూ ఒక బృందంతో వెళ్ళాను, అందుకే ఈ ఉత్తరం.

మన బొర్రా గుహల్లా మెట్లు, రంగు లైట్లు ఉంటాయనుకోకు. వ్యాన్ దిగాక ముప్పావుగంట అడవి నడక, దారిలో మూడుసార్లు ఏరు దాటాలి. గుహ నోటి దగ్గర నీళ్ళు లోతు, ఈదుకుంటూ లోపలికి పోవాలి. ఈత రానివాళ్ళెవరో, ఇరుకంటే ఊపిరాడనివాళ్ళెవరో ముందురోజు రాత్రే మాట్లాడుకోండి. అందరూ హుషారుగా ఉన్నచోట నాకు భయమని ఎవరూ నోరు విప్పరు. మెడదాకా నీళ్ళలో నిలబడ్డాక గానీ అది బయటపడదు, అప్పటికి మిగతావాళ్ళందరి ప్రయాణం ఆ ఒక్కరి మీద పడుతుంది. చెప్పుకోవడం సిగ్గు కాదని నువ్వే మొదలుపెట్టు. ఈత రాని సంగతి గైడ్‌కు కూడా ముందే చెప్పండి, లైఫ్ జాకెట్ చూస్తారు.

లైసెన్సున్న గైడ్ లేకుండా లోపలికి పోనివ్వరు. ఒక గైడ్‌కు ఎనిమిది మందే. లోపల ఒకరి వెనక ఒకరు నడుస్తారు. గైడ్ "ఎడమవైపు రాయి" అంటే ఆ మాట వెనకవాళ్ళకు, వాళ్ళు తమ వెనకవాళ్ళకు అందించాలి. నాలుగో మనిషి కబుర్లలో పడ్డాడంటే ఐదో మనిషి మోకాలు పగులుతుంది. మీ గుంపులో నిదానంగా నడిచేవాళ్ళను గైడ్ వెనకే నిలబెట్టండి, చివర్న కాదు.

లేసులున్న స్పోర్ట్స్ షూ వేసుకో, చెప్పులు వద్దు. తడిస్తే బరువెక్కే కాటన్ బట్టలూ వద్దు. సాక్సులు మాత్రం మరిచిపోకు. గుహలోనే పైన ఉన్న గదిలోకి ఎక్కాక షూ విప్పేసి సాక్సులతోనే నడవాలి, ఒట్టి కాళ్ళ జిడ్డు సున్నపురాయికి అంటకూడదని. అక్కడ కుండలు నీ పాదం పక్కనే ఉంటాయి, కొన్నిటికి ఆ ప్రాంతపు ప్రాచీన ప్రజలైన మాయా జనం కావాలని పెట్టిన చిల్లులు కనిపిస్తాయి. హద్దు చూపించేది నేల మీది టేపు ఒక్కటే. నిచ్చెన ఎక్కితే, వెయ్యేళ్ళు దాటిన ఒక అస్థిపంజరం కాల్సైటు అనే సున్నపు స్ఫటికం పట్టి హెల్మెట్ దీపానికి తళతళలాడుతూ ఉంటుంది. 2012లో ఒక పర్యాటకుడి చేతిలోంచి కెమెరా జారి ఒక పుర్రె పగిలింది. అప్పటినుంచి కెమెరాలు, ఫోన్లు నిషేధం. నువ్వు పాఠం చెప్పే పిల్లల్లో మాయా కుటుంబాలవాళ్ళు ఉంటారు, అక్కడున్నది వాళ్ళ పూర్వీకులు. అక్కడ మీవాళ్ళెవరైనా వేళాకోళం మొదలుపెడితే మెల్లగా ఆపు.

జూన్ నుంచి నవంబరు దాకా వానకాలం. ఏరు పొంగిందని గైడ్ ఆ పూట వద్దంటే బతిమాలకండి, డబ్బు కట్టేశాం కదా అని వాదించకండి. బుక్ చేసేటప్పుడే, వాన వస్తే డబ్బు వెనక్కిస్తారో, తేదీ మారుస్తారో కనుక్కోండి. ధర బెలీజు డాలర్లలోనో అమెరికా డాలర్లలోనో కూడా అడుగు. అమెరికా డాలరుకు రెండు బెలీజు డాలర్లు, తేడా సగానికి సగం.

పొడి బట్టలు, తువ్వాలు వ్యాన్‌లో ఉంచుకో. బయటికి వచ్చేసరికి ఆకలి దంచేస్తుంది. భోజనం వాళ్ళే పెట్టేటట్టయితే శాకాహారమని ముందురోజే చెప్పు, లేకపోతే అన్నం, బీన్సుతో పాటు కోడికూర వడ్డిస్తారు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ