టెక్ సందేహాలు: లైబ్రరీ డేటాబేస్‌లో కావాల్సిన పేపర్లు దొరకాలంటే?

ప్రశ్న: స్మార్ట్‌ఫోన్ వాడకం వల్ల టీనేజర్ల నిద్ర ఎలా దెబ్బతింటోందన్నది నా పీహెచ్‌డీ అంశం. లైబ్రరీ డేటాబేస్‌లలో ఈ ప్రశ్న మొత్తం టైప్ చేస్తే ఒకటీ అరా పేపర్లే వస్తున్నాయి. గూగుల్ స్కాలర్‌లో వేలల్లో వస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది. ఎలా వెతకాలి?

జవాబు: ముందు ప్రశ్నను వాక్యంలా టైప్ చేయడం మానేయండి. ఈ డేటాబేస్‌లు చాలావరకు మీరిచ్చిన మాటలు పేపరు శీర్షికలోనో, సారాంశంలోనో ఉన్నాయా లేదా అనే చూస్తాయి. ‘ఎలా దెబ్బతింటోంది’ లాంటివి తీసేస్తే మీకు మిగిలేవి మూడే: స్మార్ట్‌ఫోన్, టీనేజర్లు, నిద్ర.

ఒకరు స్మార్ట్‌ఫోన్ అని రాస్తే, ఇంకొకరు మొబైల్ ఫోన్ అనీ, మరొకరు సెల్ ఫోన్ అనీ రాస్తారు. వీటి మధ్య ‘ఆర్’ (OR) పెట్టి, అన్నిటినీ ఒకే బ్రాకెట్‌లో ఉంచండి. మిగతా రెండిటికీ అలాగే చేసి, మూడు బ్రాకెట్లనూ ‘ఆండ్’ (AND)తో కలపండి. ఆర్, ఆండ్‌లను ఇంగ్లిష్ కేపిటల్ లెటర్స్‌లోనే టైప్ చేయండి. బ్రాకెట్లు మాత్రం మర్చిపోవద్దు. వైద్య పరిశోధనల డేటాబేస్ పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది, పలు రంగాల పేపర్లుండే వెబ్ ఆఫ్ సైన్స్ ముందు ఆండ్ సంగతి చూసి తర్వాత ఆర్ దగ్గరికి వస్తుంది. బ్రాకెట్లు లేకపోతే అవే మాటలకు రెండు చోట్లా వేర్వేరు ఫలితాలు వస్తాయి.

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది సబ్జెక్ట్ హెడింగ్, అంటే పేపరు దేని గురించో చెప్పడానికి డేటాబేస్ వాళ్లు పెట్టే ప్రామాణిక పేరు. మీ అంశానికి సరిగ్గా సరిపోయే పేపరు ఒక్కటి దొరికితే చాలు. పబ్‌మెడ్‌లో దాని పేజీ కిందికి వెళ్లి ‘మెష్ టర్మ్స్’ చూడండి, పబ్‌మెడ్ వాడే సబ్జెక్ట్ హెడింగ్‌లు అవే. పేపరు రాసినవాళ్లు ఏ మాట వాడినా, ఒక విషయానికి అక్కడ ఒకటే పేరు ఉంటుంది. హార్ట్ ఎటాక్ మీద వచ్చిన పేపర్లు ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ కింద చేరేది అందుకే. మీకు కావాల్సిన ‘అడోలసెంట్’ అంటే మెష్ లెక్కలో 13 నుంచి 18 ఏళ్లు. 12 ఏళ్లవాళ్లు కూడా మీ పరిశోధనలో ఉంటే ‘చైల్డ్’ కూడా కలపాల్సిందే. విద్యారంగానికి చెందిన ఎరిక్, మనస్తత్వశాస్త్రానికి చెందిన సైక్‌ఇన్ఫోలకూ ఇలాంటి సొంత పదజాబితాలున్నాయి.

ఫలానా మాట ఉన్న పేపర్లు వద్దని చెప్పే ‘నాట్’ (NOT) జోలికి వీలైనంతవరకు వెళ్లకండి. పెద్దవాళ్లు వద్దని ‘నాట్ అడల్ట్’ అంటే, టీనేజర్లనూ పెద్దవాళ్లనూ కలిపి పరిశీలించిన మంచి పేపర్లు కూడా ఎగిరిపోతాయి.

ప్రశ్న: గూగుల్ స్కాలర్ ఒక్కటే చాలదా?

జవాబు: లిటరేచర్ రివ్యూకి, అంటే మీ అంశం మీద ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల సమీక్షకు, చాలదు. ఎన్ని వేల ఫలితాలున్నాయని చెప్పినా, అది చూపించేది మొదటి 1000 మాత్రమే. సబ్జెక్ట్ హెడింగ్‌తో వెతికే వీలూ లేదు. కానీ ‘సైటెడ్ బై’ కోసం తప్పకుండా వాడండి. ఒక మంచి పేపరును ఆ తర్వాత ఎవరెవరు ఉదహరించారో ఒక్క క్లిక్‌తో తెలుస్తుంది. ఏ డేటాబేస్‌లో వెతికినా, ఏ తేదీన, ఏ మాటలతో వెతికారో ఉన్నదున్నట్టు కాపీ చేసి పెట్టుకోండి, రివ్యూ రాసేటప్పుడు అడుగుతారు. పబ్‌మెడ్‌లో ఉచిత ఖాతా తెరిచి ఆ సెర్చ్‌ను సేవ్ చేస్తే, కొత్త పేపర్లు వచ్చినప్పుడు ఈమెయిల్ కూడా వస్తుంది.