పాత ఫ్రిజ్‌ను చేపలు, చికెన్ పొగ పట్టించే స్మోకర్‌గా మార్చుకోవచ్చా?

కంప్రెసర్ పోయిన సింగిల్ డోర్ ఫ్రిజ్ ఒకటి ఇంట్లో మూలకు పడి ఉందనీ, వీడియోల్లో చూసినట్టు దాన్ని స్మోకర్‌గా మారిస్తే ఎలా ఉంటుందనీ అడిగారు. స్మోకర్ తప్పకుండా చేసుకోండి, ఆ ఫ్రిజ్‌తో మాత్రం వద్దు. హన్మకొండ శివారులో మా పెరట్లో ఉన్నది పాత ఇనుప రేకు కూలర్‌తో, పాడైన వాషింగ్ మెషిన్ డ్రమ్ముతో చేసుకున్నది. చేప, కోడి, మేక మాంసం అన్నీ అందులోనే చేస్తాం.

ఫ్రిజ్ ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్తాను. అమెరికాలో ఈ పని కోసం వెతికి తెచ్చుకునేవి 1940లు, 50ల నాటి ఫ్రిజ్‌లు. వాటి లోపలి గోడ కూడా పింగాణీ పూత ఉన్న ఇనుప రేకే, మధ్యలో గ్లాస్ వూల్. మన ఇళ్లలో ఉన్న ఫ్రిజ్ లోపల తెల్లగా కనిపించేది ప్లాస్టిక్. దాని వెనక పసుపు రంగు పాలియురేథేన్ ఫోమ్ ఉంటుంది. చికెన్ ఉడకడానికి కావలసిన వేడికే ఆ ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోతుంది. ఫోమ్‌కు నిప్పంటుకుంటే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువులు వస్తాయి. ఆ పొగ తగిలిన ముక్క నోట్లో పెట్టుకోవడం అటుంచి, పక్కన నిలబడటమే ప్రమాదం. ఇక ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాస్ సంగతి. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్ ఉంటుంది. వంటగ్యాస్ లాగే మండుతుంది. గ్రైండర్ పెట్టి పైపు కోశారంటే ఒక్క నిప్పురవ్వ చాలు. లోపలి తీగ అరలు బాగున్నాయి కదా, గ్రిల్లుకు వాడుకుందాం అనిపిస్తుంది, అదీ వద్దు. పాత అరల్లో కొన్నింటికి కాడ్మియం పూత ఉండేది, అది విషం.

మైక్రోవేవ్ కూడా ఉంటే దాని జోలికి అసలు వెళ్లకండి. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో మనిషి ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

మన దగ్గర ఈ పనికి దొరికే మంచి వస్తువు ఇనుప రేకు కూలర్. కంపెనీ ప్లాస్టిక్ కూలర్ కాదు, లోకల్‌గా రేకు వంచి చేసే పెద్ద డబ్బా కూలర్. మే నెలలో 44 డిగ్రీలు చూసే ఊళ్లు మనవి, అలాంటి కూలర్ లేని వీధి ఉండదు. తుప్పు పట్టాక పాత ఇనుప సామాను దుకాణానికే పోతుంది, అక్కడ కిలోల లెక్కన ఇస్తారు. పంపు, ఫ్యాన్, మోటారు, వైర్లు, గడ్డి తీసేస్తే మనిషి నడుము దాటే ఎత్తున ఖాళీ పెట్టె మిగులుతుంది. మేము రెండు వైపుల జాలీలనూ, ఫ్యాన్ రంధ్రాన్నీ సాదా రేకుతో మూసి, మూడో జాలీకి రేకు కొట్టి దాన్నే తలుపు చేశాం. పైన ఒక మూల నాలుగంగుళాల ఇనుప గొట్టం పెట్టి, దానికి అటూ ఇటూ తిరిగే మూత బిగించాం.

కూలర్ కింది ట్యాంకు మాత్రం కోసి పారెయ్యాల్సిందే. నీళ్లు కారకుండా దాని లోపల తారు లాంటి నల్ల పూత పూస్తారు. వేడి తగిలితే ఆ వాసనంతా చేపకు ఎక్కుతుంది, ఆరోగ్యానికీ మంచిది కాదు. ట్యాంకు తీసేసి, పెట్టెను మూడు వరసల ఇటుకల మీద నిలబెట్టాం. లోపల రంగు ఉంటే వైర్ బ్రష్‌తో పూర్తిగా గీకెయ్యండి.

కూలర్ రేకు జీఐ రేకు, ఇనుము మీద జింక్ పూత. జింక్ కరగడానికి 419 డిగ్రీలు కావాలి, పెట్టెలో మనకు కావలసింది చేపకు 80, 90 డిగ్రీలు, కోడికి 110, 120 డిగ్రీలే కాబట్టి గోడలకు ఆ పూత ఉన్నా ఇబ్బంది లేదు. కానీ మంట ఆ రేకును తాకకూడదు, ముక్కలూ రేకుకు ఆనకూడదు. ఉప్పు, నిమ్మరసం పట్టించిన ముక్క జింక్‌ను లాగేస్తుంది. అందుకే లోపలి సలాకలు, కొక్కేలు అన్నీ 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తీసుకున్నాం. జీఐ రేకును వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే కొన్ని గంటల్లో చలిజ్వరం పట్టుకుంటుంది. మాకు చేసిపెట్టిన వెల్డింగ్ అన్న రేకు చూడగానే, "దీనికి వెల్డింగ్ వద్దు సార్, రివెట్లు కొడదాం" అన్నాడు. మీరూ రివెట్లే కొట్టించుకోండి.

నిప్పు ఎప్పుడూ పెట్టె బయటే ఉండాలి. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. ముక్కల కింద నేరుగా నిప్పు పెడితే కారే కొవ్వు నిప్పుల మీద పడి కాలుతుంది, ఆ పొగలో బెంజోపైరీన్ లాంటివి ఉంటాయి. క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. పొయ్యి పక్కన వేరుగా ఉంటే కొవ్వు కింద పెట్టిన నీళ్ల పళ్లెంలో పడుతుంది, వేడి కూడా మన చేతిలో ఉంటుంది.

పొయ్యికి వాషింగ్ మెషిన్ స్టీలు డ్రమ్ము బాగా పనికొస్తుంది. తీసేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. టాప్ లోడ్ డ్రమ్ము పై అంచున ప్లాస్టిక్ రింగు ఉంటుంది, అందులో ఉప్పు నీళ్లు ఉంటాయి, డ్రమ్ము ఊగకుండా. దాన్ని ఊడదీయాలి. ఫ్రంట్ లోడ్ అయితే వెనక మూడు కాళ్ల అల్యూమినియం ముక్క బిగించి ఉంటుంది, అదీ తీసెయ్యాలి, నిప్పులకు తట్టుకోదు. డ్రమ్ము నిండా రంధ్రాలే కాబట్టి గాలి విపరీతంగా తగిలి కట్టె భగ్గున మండుతుంది. మనకు మంట కాదు, రాజుకుంటూ ఉండే నిప్పు కావాలి. చుట్టూ ఇటుకలు పేర్చి మట్టితో మెత్తి, కింద ఒకే ఒక్క గాలి సందు వదలండి. ఆ సందుకు ఒక ఇటుక అడ్డం పెట్టి జరుపుతూ ఉంటే వేడి పెరుగుతుంది, తగ్గుతుంది. పొయ్యి నుంచి పెట్టె అడుగుకు రెండడుగుల కాలువ ఇటుకలతో కట్టి, పైన షాబాద్ బండ కప్పాం. పొయ్యి కాస్త పల్లంలో, పెట్టె ఎత్తులో ఉంటే పొగ దానంతట అదే ఎక్కుతుంది. ఇదంతా ఆరుబయటే చెయ్యండి. బాల్కనీలో, రేకుల షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది.

కట్టెల్లో మామిడి, జామ నాకు ఇష్టం. తుమ్మ కట్టె వేడి బాగా నిలుపుతుంది, పొగ కొంచెం ఘాటు. మన వైపు అందరికీ దొరికేవి గింజ ఒలిచిన మక్క బెండ్లు. బాగా ఎండినవి వేస్తే తియ్యటి, మెత్తటి పొగ వస్తుంది. అమెరికాలో వెర్మాంట్ వైపు పంది మాంసానికి ఈ పొగే పట్టిస్తారు. మక్క పండే కరీంనగర్, వరంగల్ పల్లెల్లో వీటికి కరువేముంది? వేప, నీలగిరి వద్దు. గన్నేరు పుల్ల ఒక్కటి కూడా కలవకూడదు, అది విషం. ప్లైవుడ్డు, రంగు వేసిన పాత తలుపు చెక్కలు కూడా వద్దు.

మా అమ్మ ముసురు రోజుల్లో మేక మాంసం ఒరుగులను కట్టెల పొయ్యి మీద దండెం కట్టి ఆరబెట్టేది. ఉప్పు, పసుపు పట్టించి, సన్నగా చీరి, పొయ్యి వేడీ పొగా కలిపి నీరంతా లాగేయించడం వల్ల అవి నిలవ ఉండేవి. స్మోకర్‌లో చేసే చేప అలా కాదు, లోపల తడి ఉంటుంది. పొగ పట్టింది కదా అని బయట వదిలేస్తే చెడిపోతుంది. 30 డిగ్రీల లోపు చల్లటి పొగలో పచ్చి చేపను ఉంచే పద్ధతి చలిదేశాల వాళ్లది, మన వాతావరణానికి దాన్ని పెట్టుకోకండి. వేడి పొగే మేలు.

లీటరు నీళ్లకు 70 గ్రాముల ఉప్పు కలిపి చేప ముక్కలను రెండు మూడు గంటలు నానబెట్టి, తుడిచి, ఫ్రిజ్‌లో మూత లేకుండా ఆరబెట్టండి. పైన జిగటగా పొర కట్టాలి, పొగ అప్పుడే పట్టుకుంటుంది. పొయ్యి రాజేశాక మొదట దట్టంగా తెల్లటి పొగ వస్తుంది, అది చేదు. పలచబడి నీలి ఛాయ వచ్చిన తర్వాతే ముక్కలు లోపల పెట్టండి. ముక్క మధ్యలో గుచ్చే థర్మామీటర్ కొనండి, దీనికి ఖర్చు చూసుకోవద్దు. చేపకు లోపల 63 డిగ్రీలు, కోడికి 74 డిగ్రీలు రావాలి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో తినెయ్యండి. గాలి తీసిన ప్యాకెట్లలో కట్టి బయట మాత్రం ఉంచొద్దు, గాలి లేని చోట బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమి పెరుగుతుంది.

మొదటిసారి కొర్రమీను కొనకండి. ధర ఎక్కువ, కొవ్వు తక్కువ, తొందరగా ఎండిపోతుంది. పెద్ద బొచ్చె పొట్ట ముక్కలతో మొదలుపెట్టండి, కొవ్వు ఉంటుంది కాబట్టి వేడి కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటాయి.