ఎర్ర సిరా గీతలు

చిత్తూరు,
ఆదివారం పొద్దున.

పాపకు ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. బ్యాంకు ఉద్యోగం మానేసి తిరుపతి యూనివర్సిటీలో తెలుగు ఎం.ఏ. చేరతానన్నావంట. ఉగాదికి కవితల పుస్తకం కూడా వేస్తావంట. "అన్నా, నువ్వే దాన్ని చెడగొట్టినావు" అని నన్ను దులిపేసింది. ఫోన్ పెట్టేసి కూర్చుంటే మీ అత్త వచ్చి, "ఏమయింది, మొహం అట్ల వెలిగిపోతా ఉండాది?" అనింది. ఏమని చెప్పేది?

ముందు తిట్లు. మూడేళ్ల ఉద్యోగం వదిలే ముందు మామను ఒక్క మాట అడగాలనిపించలేదా? సరే, అయిపోయింది. పీఎఫ్ డబ్బు పుస్తకానికి పెట్టొద్దు. రెండేళ్ల హాస్టలు, మెస్సు ఖర్చు పక్కన పెట్టుకో. ఎం.ఏ. చదువుతూనే నెట్ రాయి. అందులో పరిశోధనకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే, పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు వస్తుంది, నీ అన్నం నువ్వు తింటావు. కవికి అన్నం గురించి మాట్లాడటం నామోషీ అనేవాళ్ల ఇళ్లల్లో ఎవరో ఒకరు జీతం తెస్తూ ఉంటారు, గమనించు.

పుస్తకం సంగతి. 300 కాపీలు చాలు. డెమీ సైజులో ఫారానికి, అంటే ప్రెస్సులో ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు, కాబట్టి ఆరు ఫారాలో ఏడు ఫారాలో లెక్క కుదిరేటట్టు కవితలు ఏరుకో. పుస్తకానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరుకు డబ్బులు కట్టనక్కర్లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు. ప్రూఫులు నువ్వొక్కదానివే చూసుకోవద్దు, మన తప్పు మన కంటికి కనపడదు. రాసిందంతా మూడు చోట్ల దాచుకో. అన్నమయ్య కీర్తనలను కొడుకు రాగిరేకుల మీద చెక్కించాడు కాబట్టి తిరుమల భాండాగారంలో వందల ఏళ్లున్నా మనదాకా వచ్చాయి. అయినా 32 వేలు రాశాడంటారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. మనకు రేకులు చెక్కించే కొడుకుల్లేరు. పెన్‌డ్రైవ్ కొనుక్కో.

ముందుమాట కోసం మాత్రం ఎవరి గుమ్మం ముందూ నిలబడొద్దు. ఇది నేను మీ అమ్మకు కూడా చెప్పని సంగతి.

1986లో నా మొదటి పుస్తకం. అప్పుడు పాకాల దగ్గర బడిలో తెలుగు పండితుణ్ణి. రాతప్రతిని కోస్తాలో బాగా పేరున్న ఒక పెద్దాయనకు పంపాను. ఏడు నెలలు జవాబు లేదు. పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వినపడితే పిల్లలకు చెప్పే పద్యం మధ్యలో ఆపేసేవాణ్ణి. చివరికి వచ్చింది. రెండు పేజీల ముందుమాట, 'సీమ మట్టిలో మెరిసిన మాణిక్యం' అని. దాంతోపాటు నా కవితల నిండా ఎర్ర సిరా గీతలు. మడక కొట్టేసి నాగలి. కయ్య కొట్టేసి పొలం. చెనిక్కాయలు కొట్టేసి వేరుశనగ. 'మాండలికం అందరికీ అందదు, సార్వజనీనత దెబ్బతింటుంది' అని అంచున చిన్న అక్షరాలు.

ఆయన తప్పు ఏమీ లేదు పాపా. ఆయన చెవికి ఎట్లా వినపడిందో అట్లా దిద్దాడు. బలవంతం కూడా చేయలేదు. నేనే ఒక్క గీత కూడా వదలకుండా ఒప్పేసుకుని, రెండు రాత్రులు మేలుకుని తిరగరాసి ప్రెస్సుకు ఇచ్చాను. మాణిక్యం అన్నాడు కదా మరి.

పుస్తకం వచ్చినాక ఊరికి తీసుకుపోయాను. మీ తాతకు చదువు రాదు. సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి, ఆయన మీద రాసిన కవితే చదివి వినిపించాను. తెల్లారుజామున ఆయన దున్నడం, నేను సద్ది మోసుకుపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. మొత్తం విన్నాడు. చుట్ట ఆరిపోతే మళ్లీ వెలిగించుకుని, "బాగుండాది నాయనా. యాడిది ఆ పొలము? గోదావరి పక్కదా?" అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. నాకు నోట మాట రాలేదు. "అవును నాయనా" అన్నాను.

ఆయన పోయినాక రెండో ముద్రణ వేద్దామని కూర్చున్నాను, పాత మాటలు తిరిగి పెడదామని. మడక అని పెడితే పక్క మాట కలవలేదు. నాగలికి తగ్గట్టు పాదాలన్నీ సర్దేసి ఉన్నాను కదా. పాత నోటుబుక్కు ఎప్పుడో చిత్తుకాగితాల్లో పోయింది. ఆ ముద్రణ వేయలేదు.

నీ కవితల్లో ఊరిబిండి, గెనిమ అనే మన సీమ మాటలున్నాయని మీ అమ్మ చెప్పింది, ఫిర్యాదు చేసినట్టు. అప్పుడే అనుకుంటా మీ అత్తకు నా మొహం వెలిగినట్టు కనపడింది.

చదువులో కూడా ఇంతే. కట్టమంచి రామలింగారెడ్డి గారి 'కవిత్వ తత్త్వ విచారము' చదువు. మన చిత్తూరాయనని కాదు. పింగళి సూరనను మెచ్చుకుంటూ, చాలామంది ప్రబంధ కవులను ఎట్లా నిలదీశాడో చూడు. ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. పెద్దవాళ్లతో వాదించే పద్ధతి తెలుస్తుంది. అది నాకు ముప్పయ్యేళ్ల వయసులో తెలిసి ఉంటే ఎర్ర సిరాకు నల్ల సిరాతో జవాబు రాసి ఉండేవాణ్ణి.

కవి సమ్మేళనాలకు పిలుస్తారు, పో. ముప్పైమంది కవులుంటారు, ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వస్తాడు, నీ వంతు వచ్చేసరికి కుర్చీలు సర్దుతుంటారు. కవిత ఎందుకు రాశావో చెప్పొద్దు, చదివి దిగిపో. శాలువా కప్పుతారు. నాకు కప్పినవాటిలో ఒకటి మీ అత్త కుట్టుమిషను మీద ఉంది, మిగతావి ఎక్కడున్నాయో అడగొద్దంది.

సభ ఎంత బాగా జరుగుతున్నా రాత్రి ఎనిమిదికి లేచి వచ్చేయ్. అంత దూరం వచ్చి మధ్యలో పోతే ఏమనుకుంటారో అనుకోవద్దు. బస్టాండులో ఒంటరిగా నువ్వు నిలబడి ఉన్నట్టు నాకు ఇప్పటికే రెండుసార్లు కల వచ్చింది. నవ్వుకో, కానీ బస్సెక్కినాక ఫోన్ చెయ్.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. వచ్చే ఆదివారం రాతప్రతి తీసుకుని రా, ఊరిబిండి నూరి పెడతానంది అత్త. నేను చదువుతాను. పెన్ను నీ దగ్గరే పెట్టుకో.

మీ మామ