రెండు ‘ఆమె’ల మధ్య ‘తను’

సందేహం: నేను రాస్తున్న నవలలో అత్తాకోడళ్లు సీతమ్మ, పద్మ ఇద్దరూ ప్రధాన పాత్రలే. ‘ఆమె’ అంటే ఎవరో తెలియడం లేదని చదివినవాళ్లు అంటున్నారు. సీతమ్మకు ‘ఆమె’ అనీ, పద్మకు ‘తను’ అనీ నవలంతా వాడవచ్చా?

సమాధానం: వద్దండి. ‘తను నా ఫ్రెండ్’ అని ఈనాటి మాటల్లో అతనికీ ఆమెకూ బదులుగా ‘తను’ వినిపిస్తోంది. సంభాషణల్లో దాన్ని తప్పుపట్టను. కథనంలో మాత్రం ‘తను’కు వేరే పని ఉంది. మీ నవలకు ఆ పని చాలా అవసరం కూడా.

‘పద్మ తనను మరచిపోయిందని సీతమ్మ అనుకుంది.’ ఇక్కడ ‘తనను’ అంటే సీతమ్మనే. అనుకుంటున్నది ఎవరైతే ‘తను’ వాళ్లనే పట్టుకుంటుంది. ‘పద్మ ఆమెను మరచిపోయిందని’ అంటే పాఠకుడు మూడో మనిషి కోసం వెతుక్కుంటాడు. అలాగే ‘సీతమ్మ పద్మకు తన చీర ఇచ్చింది’ అంటే చీర సీతమ్మది. ‘ఆమె చీర’ అంటే పద్మది, కాకుంటే ఇంకెవరిదో. ‘తను’ను పద్మకే రాసిచ్చేస్తే ఇక సీతమ్మ మనసులో మాట చెప్పడం ఎలా?

అధ్యాయం ఎవరి కళ్లతో నడుస్తోందో అక్కడ ‘తను’ వాళ్లదే కానివ్వండి. రెండోవారిని వరసతో అనండి: పద్మ అధ్యాయంలో ‘అత్తగారు అన్నారు’, సీతమ్మ అధ్యాయంలో ‘కోడలు అంది’. మీ ఇళ్లలో ‘అత్తమ్మ అన్నది’ అనేదే సహజమైతే అదే రాయండి.

మీ చిక్కు అసలు క్రియలోనే ఉంది. ఒక మగ, ఒక ఆడ పాత్ర ఉంటే ‘చూశాడు’, ‘చూసింది’ అని సర్వనామం లేకుండానే గడిచిపోతుంది. ఇద్దరూ ఆడవాళ్లయితే ఆ సాయం ఉండదు. పైగా స్త్రీవాచకం ఏకవచనంలో తరచు అమహత్తులాగా (అంటే జంతువులు, వస్తువుల పేర్లలాగా), బహువచనంలో మహత్తులాగా (అంటే మగవాళ్లను చెప్పే మాటల్లాగా) ఉంటుందని చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెప్పనే చెప్పింది. ‘పద్మ బస్సు కోసం చూస్తోంది. ఇంతలో వచ్చింది’ అని రాస్తే వచ్చింది బస్సా, అత్తగారా? ఇలాంటి చోట కర్తను వదలకండి.

‘ఆమె ఏడుస్తోంది, ఈమె చూస్తోంది’ అన్న పద్ధతి ఇద్దరూ ఎదురెదురుగా ఉన్న ఒకటి రెండు వాక్యాలకు బాగుంటుంది. పేజీ తిరిగేసరికి ఎవరు ‘ఈమె’నో గుర్తుండదు.

ఇక పేరు మళ్లీ మళ్లీ రాయడానికి మొహమాటపడకండి. పునరుక్తి అవుతుందని ‘ఆ యువతి’, ‘ఆ పెద్దావిడ’, ‘ఆ ఇల్లాలు’ అంటూ మార్చి మార్చి రాస్తే పాఠకుడికి ఇద్దరు మనుషులు ఐదుగురవుతారు. ఒకే నవలలో పలువురు స్త్రీలు సమానంగా నిలబడటం మనకు కొత్త కాదు. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిర ఉంది, కల్యాణి ఉంది, వసుంధర ఉంది. చదివినవాళ్లకు వాళ్లు పేర్లతోనే గుర్తుంటారు. మీ చిత్తుప్రతిలో అత్తాకోడళ్లు ఎదురుపడే పేజీలు మాత్రం తీసి, ప్రతి ‘ఆమె’ కిందా గీత గీయండి. ఎవరన్నది క్షణమైనా ఆలోచించాల్సి వస్తే ‘ఆమె’ కొట్టేసి పేరు రాయండి.