టెక్ సందేహాలు: మడత ల్యాప్‌టాప్ కొనేముందు పెన్ను పట్టి చూడండి

ప్రశ్న: ఒంగోలులో ఇంటి దగ్గరే పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంటాను. వాడేది ఫొటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు. పాత డెస్క్‌టాప్ తీసేసి, తెర పూర్తిగా వెనక్కి తిరిగే టచ్ ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నా. పెన్నుతో బొమ్మలు గీయాలి. సాయంత్రం పిల్లల చదువుకి, సినిమాలకి కూడా అదే. ఏ ప్రాసెసర్ ఉన్నది తీసుకోమంటారు?

జవాబు: ప్రాసెసర్ సంగతి ఆఖర్న చూద్దామండి. ఈ రకం మెషీన్ మీకు పనికొస్తుందో లేదో తేల్చేది పెన్ను, తెర. వాటి గురించి షాపులో ఎవరూ చెప్పరు. మీరే అడగాలి, మీరే గీసి చూడాలి.

ముందు పెన్ను. టచ్ తెర ఉన్నంత మాత్రాన పెన్ను పనిచేస్తుందనుకోవద్దు. వేలితో మాత్రమే పనిచేసే తెరలు చాలా ఉన్నాయి. రబ్బరు మొన పెన్నులు వాటి మీద కూడా నడుస్తాయి గానీ వేలికీ వాటికీ తేడా ఉండదు, ఎంత నొక్కినా గీత మందం మారదు. మీకు కావాల్సింది యాక్టివ్ పెన్ను, అంటే ఎంత నొక్కారో కూడా తెరకు సంకేతంగా చెప్పే పెన్ను. వీటిలో మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్, వాకామ్ ఏఈఎస్, వాకామ్ ఈఎంఆర్ అనే మూడు పద్ధతులు ఎక్కువగా కనిపిస్తాయి. ఒక పద్ధతి పెన్ను మరో పద్ధతి తెర మీద గీయదు. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్‌లో వచ్చేది మొదటిది. శాంసంగ్ గెలాక్సీ బుక్ 360 రకాల్లో ఎస్ పెన్ ఈఎంఆర్, దానికి బ్యాటరీయే అక్కర్లేదు. పెన్ను డబ్బాలోనే వస్తుందా, విడిగా కొనాలా అన్నది బిల్లు వేయించకముందే తేల్చుకోండి. విడిగా అయితే ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన పెన్ను నంబరు రాయించుకోండి.

4096 ప్రెషర్ లెవెల్స్ (నొక్కుడులో గుర్తించే మెట్లు) అని డబ్బా మీద ఉన్నా దాన్నిబట్టి కొనకండి. అసలు పరీక్ష ఇది. పెయింట్ తెరిచి, తెర మీద ప్లాస్టిక్ స్కేలు ఏటవాలుగా పెట్టి, దాని అంచు వెంట చాలా నిదానంగా గీత గీయండి. ఆ మూల నుంచి ఈ మూలకు రావడానికి పది సెకన్లు పట్టాలి. గీత మెట్లు మెట్లుగా, వంకరలు పోతూ వస్తే ఆ మెషీన్ మీద ముగ్గు గీతలు గానీ అక్షరాల వంపులు గానీ కుదరవు. వేగంగా గీస్తే ఈ లోపం దాక్కుంటుంది. అందుకే డెమో చూపించేవాళ్లు గబగబా సంతకం పెట్టి చూపిస్తారు. తర్వాత పెన్ను బరువు మాత్రమే ఆన్చి గీయండి, సన్నటి గీత పడాలి. గట్టిగా నొక్కితేగానీ పడకపోతే సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది. ఆఖర్న అరచేయి పూర్తిగా తెర మీద ఆన్చి, నాలుగు అంచుల దగ్గరా గీసి చూడండి, చేయి తగిలినచోట గీతలు పడకూడదు.

ఇక తెర. పెళ్లిపత్రిక చేసేవాళ్లకి కుంకుమ ఎరుపు, పసుపు సరిగా కనపడకపోతే పనే లేదు. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర చూపగల రంగుల పరిధికి పాత టీవీ కొలత) అని ఉంటే వదిలేయండి. ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక కంప్యూటర్ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా అది చూపించలేదు, ఎరుపు ఇటుక రంగులోకి దిగిపోతుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, లేదా 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉండాలి. ఓఎల్‌ఈడీ తెర రంగులు బాగుంటాయి గానీ, ఫొటోషాప్ ప్యానెల్స్ రోజంతా ఒకేచోట కదలకుండా ఉంటే వాటి నీడ తెర మీద శాశ్వతంగా పడే ప్రమాదం ఉంది. టాస్క్‌బార్ దానంతటది దాక్కునేలా పెట్టుకుని, వెలుతురు తగ్గించి వాడాలి. ఎంత మంచి తెరయినా చిలకాకుపచ్చ లాంటి మెరిసే రంగులు సీఎంవైకే (నాలుగు సిరాల) ప్రింటులో అలాగే రావు. కాబట్టి పెద్ద ఆర్డరుకి ముందు ప్రెస్సులో ఒక అడుగు ముక్క వేయించి చూసుకునే అలవాటు మానకండి.

ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. ఎందుకో లెక్క చూడండి. 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అసలు సైజులో అంగుళానికి 72 చుక్కల చొప్పున పెడితే 8640 × 5184 పిక్సెళ్లు. సీఎంవైకేలో పిక్సెల్‌కు 4 బైట్లు. నిండుగా ఉన్న ఒక్క లేయరే దాదాపు 180 ఎంబీ అవుతుంది. అలాంటివి 15 పడితే రెండున్నర జీబీ దాటుతుంది, అన్‌డూ హిస్టరీ దానికి అదనం. విండోస్, బ్రౌజరు, ర్యామ్‌లోంచే వాటా తీసుకునే గ్రాఫిక్స్ కూడా కలిస్తే 8 జీబీ మెషీన్ నత్తనడకే. ఈ తరహా మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు.

ఇప్పుడు ప్రాసెసర్. ఇంటెల్ అయినా ఏఎండీ అయినా ఇటీవలి మధ్యరకం ఏదైనా మీ పనికి చాలు. స్నాప్‌డ్రాగన్ (ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం ప్రాసెసర్) ఉన్నవాటితో మాత్రం జాగ్రత్త. బ్యాటరీ బాగా వస్తుంది, పాత ప్రోగ్రాములు కూడా చాలావరకు నడుస్తాయి గానీ డ్రైవర్ల దగ్గర ఆగిపోతుంది. యూఎస్‌బీ లాక్ (గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే ముక్క)తో పనిచేసే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్, పాత ప్రింటరు, స్టిక్కర్ కటింగ్ ప్లాటర్ వీటన్నిటికీ ఆర్మ్ డ్రైవర్ విడిగా ఉండాలి. తయారుచేసినవాళ్లు ఇవ్వకపోతే అవి కదలవు. అను మీద ఆధారపడ్డ మీకు ఇంటెల్, ఏఎండీలే క్షేమం.

ఒక్క మాట సూటిగా చెబుతాను. 14 అంగుళాల మడత ల్యాప్‌టాప్ కిలోన్నర ఉంటుంది. టాబ్లెట్‌లా చేత్తో పట్టుకుని గీయలేరు, బల్ల మీదో ఒళ్లోనో పెట్టుకోవాలి. మీ రోజులో ఎక్కువ భాగం మౌస్‌తో లేఅవుట్లే చేస్తూ, బొమ్మ గీసేది ఎప్పుడో ఒకసారి అయితే మంచి తెర ఉన్న మామూలు ల్యాప్‌టాప్, దాని పక్కన యూఎస్‌బీ పెన్ టాబ్లెట్ తీసుకోండి. అదే డబ్బుకి మెరుగైన తెర, ఎక్కువ ర్యామ్ వస్తాయి. రోజూ గంట, రెండు గంటలు తెర మీదే గీస్తానంటే అప్పుడు మడత ల్యాప్‌టాప్‌కే నా ఓటు. ఆన్‌సైట్ వారంటీ మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో కంపెనీ సైట్‌లో చూసుకోండి. లేకపోతే ప్రతి చిన్న రిపేరుకీ విజయవాడ పోవాల్సి వస్తుంది.

ప్రశ్న: కావలిలో బీటెక్ చదువుతున్నాను. క్రిటాలో బొమ్మలు వేస్తాను. సర్ఫేస్ ప్రో 4 సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. దాని ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్‌కి అధికారికంగా విండోస్ 11 రాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పైగా ఆ మోడల్‌లో కొన్నిటికి వేడెక్కితే తెర అదిరే జబ్బు ఉంది. మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకుని, కొన్న మూడేళ్ల లోపు వాటిని ఉచితంగా మార్చి ఇచ్చింది. మన ఎండల్లో అది త్వరగానే బయటపడుతుంది.

సర్ఫేస్‌లోనే కావాలంటే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న ప్రో 6 నుంచి చూడు. ఏది చూసినా పక్క నుంచి కన్ను ఆన్చి తెర అంచు గమనించు. ఒకచోట గాజు పైకి లేచి సందు కనపడితే లోపల బ్యాటరీ ఉబ్బింది. దాన్ని ఛార్జింగ్ కూడా పెట్టవద్దు. బాగుంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత (/) వేసి, దానికి ఆనించి బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిషులో టైప్ చెయ్యి. వచ్చిన ఫైల్‌లో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో 70 శాతానికి తక్కువుంటే ధర బాగా తగ్గించమని అడుగు. బ్యాటరీ మార్చాలంటే అతికించిన తెర ఊడదీయాలి, ఆ పనిలో గాజు పగిలే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: పొదిలి నుంచి. మా అమ్మాయి టచ్ ల్యాప్‌టాప్‌లో పెన్నుతో గీస్తుంటే గీత వణుకుతోంది. ఛార్జర్ తీసేస్తే బాగానే ఉంటోంది. పెన్ను మార్చాలా?

జవాబు: పెన్ను బాగానే ఉందండి. లోపం ఎర్తింగ్‌లో ఉండొచ్చు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లోహపు భాగం మీద వేలి వెనక వైపుతో మెల్లగా రాస్తే జిల్లుమన్నట్టు, గరుకుగా అనిపిస్తోందా? అయితే దాదాపు ఖాయం.

అడాప్టర్ లోపల విద్యుత్ రొదను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా కాస్త కరెంటు ల్యాప్‌టాప్ బాడీకి చేరుతుంది. మూడో పిన్ను సరిగా పనిచేస్తే అది భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీదే నిలుస్తుంది. పెన్ను పంపే బలహీనమైన సంకేతాన్ని తెర లోపలి సన్నటి తీగల వల పట్టుకుంటుంది కదా, ఆ వలలోకే ఈ రొద కూడా దూరుతుంది. అందుకే గీత వణుకుతుంది. ఒక్కోసారి ఎవరూ తాకకుండానే టచ్ పడుతుంది.

ముందు చూడాల్సింది ప్లగ్గు. మూడు పిన్నుల ఛార్జర్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌కో, ఎర్త్ తీగ లేని చౌక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కో పెట్టి ఉంటే తీసి, నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. అప్పటికీ పోకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌లో కొలిపించండి. ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య 230 వోల్టుల దగ్గర రావాలి, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మీరే తీగలు పెట్టి చూడకండి. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు మెట్టనేలలు వేసవికి బాగా ఎండిపోతాయి, ఎర్త్ గుంట కూడా వాటితోపాటే ఎండుతుంది. గుంట తడిపించి, బొగ్గు, ఉప్పు మళ్లీ వేయించి, తుప్పు పట్టిన బోల్టు మార్పిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఈలోగా అమ్మాయిని బ్యాటరీ మీదే గీసుకోమనండి. ఎర్తింగ్ పెన్ను కోసం మాత్రమే కాదు. గీజరు, మోటారు దగ్గర ప్రాణాల్ని కాపాడేది కూడా అదే.

ప్రశ్న: నెల్లూరు నుంచి. పెన్ను ఆన్చగానే చిన్న వృత్తం వస్తోంది, గీత ఆలస్యంగా మొదలవుతోంది. ఇంకోటి, పనిచేస్తుండగా ఒక్కోసారి తెర దానంతటదే ఆరిపోతోంది.

జవాబు: ఆ వృత్తం రైట్ క్లిక్‌ది. పెన్ను ఒకచోట ఆగితే రైట్ క్లిక్ అడుగుతున్నారేమోనని విండోస్ ఎదురుచూస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పెన్ అండ్ టచ్ తెరిచి, ప్రెస్ అండ్ హోల్డ్ ఎంచుకుని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి పైనున్న టిక్ తీసేయండి. రైట్ క్లిక్ కావాలంటే పెన్ను మీది బటన్ ఉంది.

తెర ఆరడానికి కారణం అయస్కాంతం కావచ్చు. మూత మూశారో లేదో కనిపెట్టే సెన్సర్ అయస్కాంతాన్ని బట్టే పనిచేస్తుంది. అయస్కాంతపు మూత ఉన్న ఫోన్ పౌచ్‌నో, ఇయర్‌బడ్స్ డబ్బానో కీబోర్డు పక్కన ఆనించి పెడితే మూత పడిందనుకుని నిద్రపోతుంది. వాటిని దూరం జరిపి చూడండి. అయినా ఆరుతుంటే తెరను పూర్తిగా వెనక్కి మడిచి ఒకసారి, మామూలుగా పెట్టి ఒకసారి వాడండి. ఒక కోణంలోనే ఆరుతోందంటే మడత బందు గుండా వెళ్లే కేబుల్ నలిగినట్టు. వారంటీ ఉండగానే సర్వీసుకు ఇవ్వండి, ఏ కోణంలో ఆరుతోందో ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి.