బేస్‌బాల్ ఆటగాళ్లకు జట్టు మారే హక్కు ఎలా వచ్చింది?

చాలామంది ఆటగాడు కర్ట్ ఫ్లడ్ పేరు చెబుతారు. ఆయన తెగువ గొప్పదే, కానీ కేసు ఓడిపోయాడు.

1975 దాకా అమెరికా మేజర్ లీగ్ కాంట్రాక్టుల్లో ‘రిజర్వ్ క్లాజ్’ ఉండేది. ఆటగాడు కొత్త సంతకం పెట్టకపోయినా పాత ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించే హక్కు యజమానిది. పొడిగించిన ఒప్పందంలోనూ అదే షరతు ఉంటుంది కాబట్టి ఏటా పొడిగించుకుంటూ పోవచ్చని యజమానుల వాదన. వేరే జట్టు బేరానికే రాదు, కాబట్టి జీతం యజమాని చెప్పిందే. 1969లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు తనను ఫిలడెల్ఫియా జట్టుకు పంపేస్తే, ఇష్టం అడక్కుండా కొని అమ్మడానికి నేను ఆస్తిని కానంటూ ఫ్లడ్ కోర్టుకెళ్లాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3తో కాదంది. బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టాలు వర్తించవన్న 1922 నాటి తీర్పునే పట్టుకుంది. నా దృష్టిలో అది అన్యాయమైన తీర్పు.

తలుపు తెరిచింది ఆటగాళ్ల యూనియన్. ఉక్కు కార్మిక సంఘం నుంచి 1966లో దాని నాయకుడిగా వచ్చిన మార్విన్ మిల్లర్, యజమానులతో 1970 ఒప్పందంలో వివాదాలకు స్వతంత్ర మధ్యవర్తిని సాధించాడు. ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు ఆటగాళ్లు కొత్త కాంట్రాక్టుపై సంతకం చేయకుండా 1975 సీజన్‌లో దిగారు. పొడిగింపు ఒక్క ఏడాదికేనని, ఆ తర్వాత వాళ్లు ఏ జట్టుకైనా వెళ్లొచ్చని మధ్యవర్తి పీటర్ సైట్జ్ తేల్చాడు. యజమానులు ఆయన్ని వెంటనే తీసేశారు, కోర్టుల్లో మాత్రం ఆ నిర్ణయమే నిలిచింది.

1976 ఒప్పందంలో ఆరేళ్ల సర్వీసు తర్వాతే జట్టు మారే స్వేచ్ఛ అన్నారు. మిల్లర్ కావాలనే ఒప్పుకున్నాడు: అందరూ ఒకేసారి మార్కెట్లోకొస్తే ధర పడిపోతుంది. ఆ ఆరేళ్ల నిబంధన ఇప్పటికీ ఉంది.