మా వాడు మంచు మీద గోలీ అవుతానంటున్నాడు

ప్రశ్న: మాది రాయగడ. చిన్న కిరాణా కొట్టు. మా బాబుకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. స్కూలు హాకీ జట్టులో గోలీ, అంటే గోల్‌కీపర్. ఆరు నెలలుగా ఫోనులో ఐస్ హాకీ చూసి, అందులోనే గోల్‌కీపర్ అవుతానని పట్టుబట్టాడు. టొరంటోలో ఉన్న వాళ్ల మేనమామ పంపించేయమంటున్నాడు. కాదంటే వీడు అన్నం మానేస్తున్నాడు. అవునందామంటే నాకు దారి తెలీదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది మంచు కాదు, గోలీ అన్న మాట. మన స్కూళ్లలో చాలాచోట్ల పరిగెత్తలేని పిల్లాణ్ణి పట్టుకొచ్చి గోల్లో నిలబెడతారు. మీ వాడు ఆ చోటే కావాలంటున్నాడు. బంతి తన మీదికి వస్తుంటే పక్కకి తప్పుకోవడం ఎవరికైనా సహజం. దానికి ఎదురెళ్లాలని ఉండే పిల్లలు తక్కువ. ఆ బుద్ధిని మాత్రం కోప్పడి చంపెయ్యకండి.

ఇక లెక్క చూద్దాం. బాబుని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. వాడు చూస్తున్నది బహుశా ఎన్‌హెచ్‌ఎల్, అమెరికా కెనడాల్లో నడిచే లీగ్. అందులో 32 జట్లు. మ్యాచ్‌కి ఒక్కో జట్టు ఇద్దరు గోలీలను సిద్ధం చేస్తుంది, అంటే మొత్తం 64 ఉద్యోగాలు. 2025-26 సీజన్లో అక్కడ కనీస జీతమే 7,75,000 డాలర్లు, మన లెక్కలో ఆరు కోట్ల పైమాటే. ఆ 64 చోట్ల కోసం కెనడా, అమెరికా, రష్యా, స్వీడన్, ఫిన్లాండ్ పిల్లలంతా పోటీ పడతారు. ఏటా జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో ఏడు రౌండ్లకు కలిపి 224 మందిని తీసుకుంటారు. వాళ్లలో గోలీలు కొద్దిమందే, 18 ఏళ్లు వచ్చేసరికే ఎంపిక మొదలవుతుంది. దానికి ముందు మెట్టయిన జూనియర్ లీగుల వాళ్లు 15 ఏళ్ల పిల్లల్నే ఏరుకుంటారు. ఆ పిల్లల్లో చాలామంది స్కేట్లు కట్టింది బడి ఈడు రాకముందే. మీ వాడు ఇంతవరకు స్కేట్లు తొడిగినట్టు మీరు రాయలేదు. వాడి ప్రతిభని నేను తక్కువ చేయడం లేదు, వయసు లెక్క మాత్రమే చెబుతున్నాను.

పేరు ఒకటే అయినా, గోలీ పని రెండు ఆటల్లో ఒకలా ఉండదు. మన హాకీ గోల్ 12 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. ఐస్ హాకీ గోల్ 6 అడుగులు, 4 అడుగులు మాత్రమే. పెద్ద గోల్‌ని బంతిని కాళ్లతో తన్ని కాపాడాలి, చిన్నదాన్ని ఒంటితో మూసెయ్యాలి. అందుకే ఐస్ గోలీ మోకాళ్ల మీద కూలబడి, రెండు కాళ్లూ సీతాకోకచిలుక రెక్కల్లా పక్కలకి పరుస్తాడు. మళ్లీ రెప్పపాటులో లేవాలి. ఏళ్ల తరబడి ఇదే చేస్తే తుంటి కీళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. అక్కడ బంతి బదులు వాడే పక్ గట్టి రబ్బరు బిళ్ల, గంటకి 160 కిలోమీటర్లు దాటిన షాట్లూ ఉంటాయి. అయితే కొట్టేవాడి కర్ర చూసి బంతి ఎటొస్తుందో పసిగట్టడం, ముందుకొచ్చి కోణం తగ్గించడం, గోల్ పడ్డాక మరుక్షణం దాన్ని మరిచిపోవడం రెండింటికీ ఉమ్మడి విద్యలే. మీ వాడు ఇప్పుడు నేర్చుకుంటున్నది ఏదీ వృథా పోదు.

మన దేశంలో ఐస్ హాకీకి లదాఖ్ పెట్టింది పేరు. అక్కడ సహజంగా గడ్డకట్టే మంచు మీద ఆట డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. 2025లో మన అమ్మాయిలు ఆసియా కప్‌లో కాంస్యం గెలిచారు, ఆ వార్త చదివి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అయినా ఆ ఆటతో ఇల్లు గడిచే ప్రొఫెషనల్ లీగ్ మన దగ్గర లేదు.

మరి మీరున్నది ఎక్కడ? ఒడిశాలో. 2018 నుంచి భారత హాకీ జట్ల స్పాన్సర్ ఈ రాష్ట్రమే. భారత జట్టు మాజీ కెప్టెన్ దిలీప్ టిర్కీ ఎదిగిన సుందర్‌గఢ్ జిల్లా ఇక్కడే ఉంది. రూర్కెలాలో పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్, భువనేశ్వర్ కళింగ స్టేడియంలో నావల్ టాటా హాకీ కేంద్రం ఉన్నాయి. టొరంటో మేనమామ కంటే మీకు ముందు కావలసిన మనిషి జిల్లా క్రీడాధికారి. ఆ ఆఫీసుకి ఈ వారంలోనే వెళ్లి, హాస్టల్ ఎంపికలు ఎప్పుడో, వయసు పరిమితి ఎంతో అడగండి. 14 దాటితే కొన్ని తలుపులు మూసుకుంటాయి కాబట్టి తొందర పెడుతున్నాను. అక్కడ సీటు రాకపోయినా జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, తర్వాత రైల్వేలు, సర్వీసెస్ (సైనిక దళాలు), పోలీసు శాఖల స్పోర్ట్స్ కోటా ఉన్నాయి. హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైంది, అందులో హైదరాబాద్ తూఫాన్స్ కూడా ఆడుతోంది. మన చిత్తూరు జిల్లా అమ్మాయి రజని ఎతిమరపు భారత జట్టుకి ఆడిన గోల్‌కీపరే.

మేనమామ మాట: 14 ఏళ్ల పిల్లాణ్ణి కెనడా పంపాలంటే స్టడీ పర్మిట్, అక్కడ చట్టప్రకారం బాధ్యత తీసుకునే సంరక్షకుడు, స్కూలు ఫీజు కావాలి. గోలీ సామానే కొత్తది వేల డాలర్లు. కొట్టు తాకట్టు పెట్టి మాత్రం పంపొద్దు. ఆయన నిజంగా సాయం చేయాలనుకుంటే, పంపించమనే బదులు, అక్కడి గోలీ కోచ్ ఒకరితో అరగంట ఫోనులో మాట్లాడించమనండి. వాడికి జవాబు ఆ మనిషి నోటి నుంచి వినడం మంచిది.

బాబూ, ఇది నీకు. మంచు ఎలా ఉంటుందో తెలియాలంటే ముందు చక్రాల మీద నిలబడు. విశాఖలో స్కేటింగ్ రింక్ ఉంది, రైల్లో పొద్దున్న వెళ్లొచ్చు. సెలవుల్లో నెల రోజులు నేర్చుకో. వెనక్కి, పక్కలకి జారడం, ఆగడం వచ్చాక కూడా ఇష్టం మిగిలితే రోలర్ హాకీ ఉంది. పదో తరగతి తర్వాత మనం మళ్లీ మాట్లాడుకుందాం. అప్పటిదాకా హాకీ మానకు, చదువూ మానకు, అన్నం అసలే మానకు. గోలీకి కండ కావాలి.

ఇంకొక్కటి, అయ్యా. స్కేట్లకంటే ముందు వాడి తలకి సరిపడే హెల్మెట్ సొంతంగా కొనిపెట్టండి. భారత హాకీ మాజీ గోలీ శ్రీజేష్ ప్యాడ్ల కోసం వాళ్ల నాన్న ఆవుని అమ్మారని ఆయనే చెప్పాడు, మీరు అంతదూరం వెళ్లనక్కర్లేదు. 1959 నవంబరు 1న జాక్ ప్లాంట్ అనే ఐస్ హాకీ గోలీ ముఖానికి పక్ తగిలి, కుట్లు వేయించుకుని, మాస్క్ తొడిగితేనే ఆడతానని పట్టుబట్టి మళ్లీ దిగాడు. అంతకుముందు ఆ గోలీలు దాదాపు అందరూ వట్టి ముఖంతోనే నిలబడేవారు. స్కూళ్లలో ఒకే హెల్మెట్‌ని నలుగురు వాడతారు, పట్టీలు వదులైపోయి, గ్రిల్ వంగిపోయి ఉంటుంది. మీ వాడు వాడేది ఓసారి చేత్తో పట్టుకుని చూడండి.